కుర్చీ పనే కదా అంటారు

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా అమ్మ వయసు పెద్దలున్నారు, వెనక కాలేజీ పిల్లలున్నారు. మగవాళ్లు కూడా కొందరు వచ్చారు, చాలా సంతోషం. గర్భసంచి తీసేశాక ఆఫీసు పనికి తిరిగి వెళ్లడం గురించి నేను మాట్లాడతాను. ఈ మాట మన ఒడిశా బరంపురంలో పదిమంది ముందు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నలభై నాలుగో ఏట గర్భసంచిలో గడ్డలు పెరిగి, నెలలో పదిహేను రోజులు బ్లీడింగ్ అయ్యేది. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. మందులు వాడి చూశాం, తగ్గలేదు. చివరికి పొట్ట కోసి గర్భసంచి, దాని ముఖద్వారం తీసేశారు. అండాశయాలు ఉంచారు. ఆరు వారాలు పనికి వెళ్లొద్దని డాక్టరమ్మ చెప్పింది.

తప్పు నేను సెలవు చీటీ రాసేటప్పుడే జరిగింది. మా బడబాబు, అంటే హెడ్ క్లర్కు, మగమనిషి, నాకంటే చిన్నవాడు. ఆయన చేతికి వెళ్లే కాగితంలో ఆ మాట రాయడానికి సిగ్గేసింది. ఒరియాలో 'పేట ఆపరేషన్' అని రాసి ఊరుకున్నాను. కడుపు ఆపరేషన్ అంటే అపెండిక్స్ లాంటిదనుకున్నారు. ఇరవై రోజులు ఇచ్చారు. ఇంకో అయిదు రోజులు బతిమాలి తీసుకున్నాను. ఆ పైన అడగాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పలేక ఇరవై ఆరో రోజు చీర కట్టుకుని బయల్దేరాను.

ఆ రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. ఆటో ప్రతి గుంతలో పడ్డప్పుడల్లా పొట్టను రెండు చేతులతో పట్టుకున్నాను. పదకొండు గంటలకు నడుము లాగడం మొదలైంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి పొట్ట ఉబ్బిపోయి, పొద్దున వదులుగా కట్టుకున్న లంగా బొందు కోసుకుపోతోంది. తుమ్ము వస్తే ప్రాణం పోయినట్టుంది. అన్నిటికంటే భయపెట్టింది ఇంకొకటి. ఒకే ఓచరు మూడుసార్లు కూడితే మూడు రకాల మొత్తాలు వచ్చాయి. పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చూస్తున్న మనిషిని, నా బుర్ర కూడా పోయిందా అని బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మళ్లీ ఎరుపు కనిపించింది. డాక్టరమ్మ చూసి, ఎవరు వెళ్లమన్నారమ్మా అని గట్టిగా మందలించింది. ఇంకో మూడు వారాలు మంచం పట్టాను. జీతం లేకుండా.

"కుర్చీలో కూర్చునే పనే కదా, బరువులేం మోస్తావు?" ఈ మాట ఆఫీసులోనూ అన్నారు, మా చుట్టాల్లోనూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నిటారుగా కూర్చోవాలంటే నడుముతోపాటు పొట్ట కండరాలూ పనిచేస్తూనే ఉండాలి. వాటినే కదా కోసి కుట్టింది. పైన చర్మం మీద కుట్లు పది పదిహేను రోజుల్లో మానిపోతాయి. అద్దంలో చూసుకుని బాగైపోయాననుకుంటాం. లోపల, గర్భసంచి ముఖద్వారం తీసిన చోట యోని పైభాగాన్ని మూసి కుట్లు వేస్తారు. అది గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ల్యాప్రోస్కోపీ చేయించుకున్న చెల్లెళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. బయట మూడు చిన్న చిల్లులే ఉంటాయి, లోపలి గాయం మాత్రం నాకున్నలాంటిదే. ల్యాప్రోస్కోపీ అయినవాళ్లు, కింది నుంచి ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో కుర్చీ పనికి వెళ్లగలుగుతున్నారు. పొట్ట కోస్తే ఆరు నుంచి ఎనిమిది. మీ రోజుల లెక్క మీ డాక్టరే చెప్పాలి, పక్కింటావిడ కాదు.

కదలకుండా కూర్చోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. అందుకే గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, నీళ్లు తాగాలి. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, గుండెలో పొడిచినట్టున్నా ఆఫీసు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, ప్యాడ్ తడిసిపోయేంత బ్లీడింగ్ వచ్చినా అంతే.

ఇప్పుడు ఇంటి సంగతి. నాకు ఆఫీసుకంటే ఇదే ఎక్కువ కష్టమైంది. పొద్దున ఆఫీసుకు వెళ్లానో లేదో, ఇక బాగైపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అంతకు ముందు రోజు వరకు మంచం దగ్గరికి కాఫీ వచ్చింది. ఆ సాయంత్రం వంటింట్లో నా కోసం అంట్లు ఎదురుచూస్తున్నాయి. ఎవరూ చెడ్డవాళ్లు కారు. మా అత్తగారు నన్ను కూతురిలా చూసుకున్న మనిషి. మనం చీర కట్టి గడప దాటితే, రోగం గడప లోపల ఉండిపోయిందని మనవాళ్ల నమ్మకం. నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దన్నారు డాక్టరమ్మ. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు ముప్పై. నానిన దుప్పటి పిండటం ఎంత బరువో ఎవరైనా తూచారా? అందుకని మగవాళ్లకు నా మాట: ఆవిడ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టిన నెల రోజులే మీరు ఇంట్లో ఎక్కువ చేయాల్సిన రోజులు. ఆవిడకున్న కాస్త శక్తీ ఆ కుర్చీలోనే ఖర్చయిపోతుంది.

మా పిన్ని కూతురు ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో గవర్నమెంటు టీచరు. ఇక్కడికి బస్సులో గంట లోపు దూరం. దానికీ ఇదే ఆపరేషన్ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో ఇచ్చిన జీవో ప్రకారం, గర్భసంచి తీయించుకున్న మహిళా ఉద్యోగులకు 45 రోజుల ప్రత్యేక సెలవుంది. మా పిన్ని కూతురు ఆ మాట రాసింది, 45 రోజులు తీసుకుంది, జీతం ఆగలేదు. అదే శరీరం, అదే ఆపరేషన్. సరిహద్దుకు అటు ఒకరం, ఇటు ఒకరం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో గర్భస్రావానికి ఆరు వారాలు, పిల్లలు పుట్టకుండా చేసే ట్యూబెక్టమీకి రెండు వారాలు సెలవు రాశారు. గర్భసంచి తీసేయడానికి అలాంటి సెలవు అందులో పెట్టలేదు. చట్టంలో ఆ సెలవు ఉండాలని నేను అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను. మన బరంపురం మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారు పుట్టిన ఊరు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు ఆయన. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల కష్టమూ కష్టమేనని ఈ ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ప్రైవేటులో చేసేవాళ్లు మీ జీతం చీటీ ఒకసారి చూసుకోండి. ఇఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా పేరుతో ముప్పావు శాతం కోస్తున్నారంటే, అనారోగ్య సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వచ్చే ఏర్పాటుంది. దానికి కొన్ని షరతులున్నాయి, ఇఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. నాకూ ప్రతి నెలా కోసేవారు. ఆ డబ్బు నాకు రావచ్చని అప్పట్లో తెలియదు, అడగనూ లేదు.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు స్త్రీలకు ఈ ఆపరేషన్ అయితే, ఆంధ్ర, తెలంగాణల్లో దానికి రెట్టింపు దాటింది. అనవసరపు ఆపరేషన్లు ఆపాలని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పాల్సి వచ్చింది. పిల్లలు పుట్టేశారుగా, తీసేద్దాం అని ఎవరైనా తేలిగ్గా అంటే ఇంకో డాక్టరుకు చూపించండి.

తిరిగి ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఏం అడగాలో కూడా నేను రెండోసారి వెళ్లినప్పుడే నేర్చుకున్నాను. మొదటి వారం సగం పూట. బాత్రూం దగ్గర సీటు. కింది అరలో ఫైళ్లు ఎవరైనా తీసివ్వడం. పొట్టకు అడ్డంగా పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు, దగ్గొస్తే అదే అదుముకోవడం. అండాశయాలు కూడా తీసేసినవాళ్లకు ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, నిద్ర పట్టదు, చిన్నదానికే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వాళ్లకు ఫ్యాను కింద సీటివ్వండి. దానికి మందులున్నాయి, డాక్టరును అడగమనండి.

పోయిన నెల నా పక్క సీటు అమ్మాయికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని సెలవు చీటీ రాశాం. ఆ మాట దగ్గర పెన్ను ఆపి నా మొహం చూసింది. 'జరాయు' అని ఒరియాలో పూర్తిగా రాయమ్మా అన్నాను. రాసింది. బడబాబు చదివి, ఎన్ని వారాలమ్మా అని అడిగారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆరు వారాలు ఇచ్చారు.

ఆ చీటీ నమూనా ఒరియాలోనూ తెలుగులోనూ రాసి కాపీలు తీయించాను. తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. విడిగా మాట్లాడాలనుకునేవాళ్ల కోసం ఎనిమిది దాకా అక్కడే కూర్చుంటాను.