చెదిరిన విండోలను తిరిగి తెచ్చుకోవడం

(విజయనగరంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కోడ్ ఎడిటర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, విండోల అమరిక గురించి ఇంతసేపు మాట్లాడటానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ఒక బగ్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు, వెనకాల పడ్డప్పుడు మనం ఏం చేస్తాం? ఎడమ పక్క ఒక ఫంక్షన్, కుడి పక్క దాన్ని పిలిచే ఫంక్షన్, కింద లాగ్, ఇంకో మూల టెస్ట్ పెట్టుకుంటాం. ఏది ఎక్కడుందో కాసేపటికి కంటికి అలవాటైపోతుంది, వెతుక్కునే పని ఉండదు. ఆ అమరిక చెదిరితే కోడ్‌లో ఒక్క అక్షరం కూడా పోదు. పోయేది మన ధ్యాస. ఏ ఫైల్ చూస్తున్నాం, ఎందుకు చూస్తున్నాం, ఎక్కడిదాకా వచ్చాం అన్నదంతా మళ్లీ మొదటి నుంచి పోగు చేసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది మరీ కష్టం, ఎందుకంటే వాళ్లు కోడ్‌నీ ఎడిటర్‌నీ ఒకేసారి నేర్చుకుంటున్నారు.

ఉదయం ల్యాబ్‌లో ఒకమ్మాయి స్క్రీన్ చూశాను. ఎడమవైపు ఫైళ్ల పట్టీ లేదు, కింద టెర్మినల్ లేదు, ఉన్నదల్లా కోడ్ ఒక్కటే. "మేడమ్, ఎడిటర్ పాడైపోయింది, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాను" అంది. ఎడిటర్‌కి ఏమీ కాలేదు. ఆమె వాడే ఎడిటర్ వీఎస్ కోడ్. అందులో కంట్రోల్, కె కలిపి నొక్కి, ఆ వెంటనే జెడ్ నొక్కితే కోడ్ తప్ప మిగతావన్నీ దాచేసే జెన్ మోడ్ వస్తుంది. ఏదో టైప్ చేస్తుంటే చెయ్యి తగిలింది, అంతే. ఎస్కేప్ రెండుసార్లు నొక్కమన్నాను. అన్నీ వచ్చేశాయి. పక్క పట్టీ ఒక్కటే కనబడకపోతే కంట్రోల్ బి, కింది ప్యానెల్ కనబడకపోతే కంట్రోల్ జె. ఏదో ప్యానెల్‌ను లాగి ఎక్కడో వదిలేసి, అది ఎటు పోయిందో తెలియకపోతే కమాండ్ పాలెట్, అంటే ఎడిటర్ కమాండ్లను పేరుతో వెతికే పెట్టె, తెరిచి 'రీసెట్ వ్యూ లొకేషన్స్' అని టైప్ చేయండి. ఎడిటర్ కొత్తగా వచ్చినప్పుడు ఏ ప్యానెల్ ఎక్కడుండేదో అక్కడికి చేరుతుంది. వీటికోసం ఎవరూ ఎడిటర్‌ను తీసేయనక్కర్లేదు.

అయితే రీసెట్ వేరు, మీ అమరిక మీకు తిరిగి రావడం వేరు. రీసెట్ ఇచ్చేది ఎడిటర్ తయారుచేసినవాళ్ల అమరిక. మీరు నిన్న సాయంత్రం పెట్టుకున్నది రావాలంటే అది ఎక్కడో రాసి ఉండాలి. ఎక్కడ రాసి ఉందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

మీలో చాలామంది ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతారని నాకు తెలుసు. చీపురుపల్లి నుంచో బొబ్బిలి నుంచో రోజూ వచ్చిపోయేవాళ్లకు అదే సులువు. ఇంట్లో ఒక సిస్టమ్, ల్యాబ్‌లో రోజుకొక సిస్టమ్. "ఫైళ్లన్నీ ఉన్నాయి మేడమ్, తెరిచిన ట్యాబులు మాత్రం ఉండవు" అంటారు. కారణం చెప్తాను. వీఎస్ కోడ్ మీ విండోల అమరికను మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టదు. ఆ సిస్టమ్‌లోనే, మీ యూజర్ ఖాతా కింద వర్క్‌స్పేస్ స్టోరేజ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ప్రతి ప్రాజెక్టుకీ ఒక ఉపఫోల్డర్, దానిలో ఒక చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్. తెరిచిన ఫైళ్లు, చీల్చిన విండోలు అన్నీ అందులో ఉంటాయి. ఆ ఉపఫోల్డర్ పేరు అర్థంపర్థం లేని అక్షరాల వరసలా కనిపిస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్ పూర్తి పాత్‌ను, అంటే డిస్క్‌లో దాని చిరునామాను బట్టి లెక్కకట్టిన గుర్తు అది. ఇప్పుడు చూడండి. నిన్న పెన్‌డ్రైవ్ 'ఇ' డ్రైవ్‌గా వచ్చింది, ఇవాళ 'ఎఫ్' అయింది. పాత్ మారింది, గుర్తు మారింది, కాబట్టి వీఎస్ కోడ్ దాన్ని ఎప్పుడూ చూడని ప్రాజెక్టు అనుకుంటుంది. సిస్టమే మారితే ఇక చెప్పేదేముంది? ఫోల్డర్ పేరు మార్చినా ఇదే జరుగుతుంది. సెట్టింగులను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి చేర్చే సెట్టింగ్స్ సింక్ పెట్టుకుంటే ఏ ప్యానెల్ ఎక్కడుండాలన్నది ఖాతాతో పాటు వస్తుంది గానీ, తెరిచిన ఫైళ్లు రావు.

మరి పెన్‌డ్రైవ్‌తో తిరిగేవాళ్లకు దారి లేదా? ఉంది. అది విమ్‌లో ఉంది. నాకు విమ్ అంటే ఇష్టం, దాచుకోను. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన ఎడిటర్ అది. ఆయన 2023లో కన్నుమూశారు, ఎడిటర్ మాత్రం ఇప్పటికీ కోట్ల సిస్టమ్‌లలో ఉంది. అందులో కోలన్ కొట్టి 'ఎంకెసెషన్' అని టైప్ చేస్తే అప్పటి అమరికను, అంటే సెషన్‌ను, రాసిపెట్టే సెషన్ డాట్ విమ్ అనే ఫైల్ తయారవుతుంది. మళ్లీ విమ్‌ను పెద్ద 'ఎస్' ఆప్షన్‌తో మొదలుపెడితే అమరిక అంతా వచ్చేస్తుంది.

ఆ ఫైల్‌ను ఒకసారి తెరిచి చదవమని మిమ్మల్ని కోరుతున్నాను. అది మామూలు టెక్స్ట్. అందులో ఉన్నవన్నీ మీరు చేత్తో టైప్ చేయగలిగిన విమ్ కమాండ్లే. ఈ ఫోల్డర్‌లోకి వెళ్లు, ఈ ఫైల్ తెరువు, విండోను నిలువుగా చీల్చు, పక్క విండోలోకి దూకు, కర్సర్‌ను 42వ లైన్‌లో పెట్టు. విండో వెడల్పు రాసిన తీరు నాకు ముచ్చటేస్తుంది. సేవ్ చేసినప్పుడు మీ స్క్రీన్ వెడల్పు 160 కాలమ్‌లు, అంటే ఒక లైన్‌లో 160 అక్షరాలు, ఎడమ విండో 50 అనుకోండి. ఫైల్‌లో 50 అని ఊరికే రాయదు. ఇప్పటి స్క్రీన్ కాలమ్‌లను 50తో గుణించి, 80 కలిపి, 160తో భాగించు అని రాస్తుంది. ఇంట్లో పెద్ద మానిటర్ మీద సేవ్ చేసి, ఇక్కడ 120 కాలమ్‌ల స్క్రీన్ మీద తెరిచారు. 120ని 50తో గుణిస్తే 6000, 80 కలిపితే 6080, 160తో భాగిస్తే 38. నిష్పత్తి చెడలేదు. ఆ 80 ఎందుకంటారా? 160లో సగం అది. విమ్ ఇక్కడ పూర్ణసంఖ్యల్లోనే భాగిస్తుంది. 80 కలపకపోతే 37.5 రావలసిన చోట 37 దగ్గర ఆగిపోతుంది. కలిపితే దగ్గరి సంఖ్యకు సర్దుకుంటుంది. తొమ్మిదో తరగతి లెక్క, ఎంత చక్కగా వాడారో చూడండి!

పెన్‌డ్రైవ్ సంగతికి వద్దాం. మామూలుగా సెషన్ ఫైల్‌లో ఫోల్డర్ పాత్ మొత్తం ఉంటుంది, కాబట్టి డ్రైవ్ అక్షరం మారితే ఇక్కడా ఇబ్బందే. దానికి 'సెషన్ ఆప్షన్స్' అనే సెట్టింగ్ ఉంది. అందులోంచి 'కర్‌డిర్' తీసేసి 'సెస్‌డిర్' చేర్చండి. అప్పుడు సెషన్ ఫైల్ ఎక్కడుంటే అదే ప్రస్తుత ఫోల్డర్ అవుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి, సెషన్‌ను అక్కడే సేవ్ చేస్తే 'ఇ' అయినా 'ఎఫ్' అయినా ఒకటే.

ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లు ఇక్కడ తక్కువ, అయినా ఒక మాట. పొరపాటున కంట్రోల్ ఎక్స్, ఒకటి నొక్కితే మిగతా విండోలన్నీ మాయమవుతాయి. విన్నర్ మోడ్ పెట్టుకుని ఉంటే కంట్రోల్ సి, ఎడమ బాణం నొక్కగానే వెనక్కి వస్తాయి. టెక్స్ట్‌కి అన్‌డూ ఉన్నట్టే విండోలకూ ఉండాలని ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలి. కాకపోతే ఇది ఈమాక్స్ మూసేదాకే. మర్నాటికి కూడా కావాలంటే డెస్క్‌టాప్ సేవ్ మోడ్ పెట్టుకోవాలి.

ఇక కరెంటు. 2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీకి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్తారు. అంత తుపాను అక్కర్లేదు, ఎండాకాలం మధ్యాహ్నం ఒక్క నిమిషం కరెంటు పోతే చాలు, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఆగిపోతుంది. అప్పుడు ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ముందే తెలిసి ఉండాలి. విమ్ సెషన్ మీరు ఆఖరుసారి సేవ్ చేసినప్పటి అమరికనే ఇస్తుంది. సేవ్ చేయని టెక్స్ట్ సెషన్‌లో ఉండదు, స్వాప్ ఫైల్‌లో ఉంటుంది. 200 అక్షరాలు టైప్ చేసినా, నాలుగు సెకన్లు చెయ్యి ఆగినా విమ్ దాన్ని డిస్క్ మీదకు రాస్తుంది. వీఎస్ కోడ్ కూడా సేవ్ చేయని ఫైళ్లకు విడిగా బ్యాకప్ ఉంచుతుంది. టెర్మినల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎడిటర్‌ను మళ్లీ తెరిచాక పాత అక్షరాలు అక్కడ కనిపించవచ్చు. అది చూసి సర్వర్ నడుస్తోందని అనుకోకండి. ప్రోగ్రామ్ కరెంటుతోనే ఆగిపోయింది, మళ్లీ మీరే నడపాలి.

నలుగురు కలిసి చేసే ప్రాజెక్టయితే సెషన్ ఫైల్ పేరును గిట్ ఇగ్నోర్‌లో, అంటే అందరితో పంచుకోనక్కర్లేని ఫైళ్ల జాబితాలో, రాసేయండి. మీ అమరిక మీది, పక్కవాళ్ల స్క్రీన్ మీదకు అది వెళ్లకూడదు. ఒకే ప్రాజెక్టులో రెండు పనులు నడుస్తుంటే సెషన్ ఫైళ్లు కూడా రెండు పెట్టుకోండి, లాగిన్ బగ్‌కి ఒకటి, రిపోర్ట్ పేజీకి ఒకటి, ఆ పేర్లతోనే.

భోజనాలయ్యాక ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్‌లు తీసుకురండి. ఒక సిస్టమ్‌లో సెషన్ సేవ్ చేసి, పక్క సిస్టమ్‌లో తెరిచి చూద్దాం. ఏమైనా ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.