జెడ్ డ్రైవ్ నాకు కనిపిస్తది, సర్వీస్‌కు కనిపిస్తలేదు

యాంకర్: హలో, లైన్‌లో ఎవరండీ?

కాలర్: నమస్తే మేడమ్, కూకట్‌పల్లి నుంచి మాట్లాడుతున్న. సార్‌కి గూడ నమస్తే.

యాంకర్: నమస్తే. మీ దగ్గర సౌండ్ కొంచెం తగ్గించండి, మా మాటలే మాకు తిరిగొస్తున్నాయి.

కాలర్: తగ్గించిన మేడమ్. సార్, క్లయింట్ వాళ్ల ఇన్‌వాయిస్ ఫైల్స్ నెట్‌వర్క్ షేర్‌ల, అంటె వేరే సర్వర్‌ల ఉన్న ఫోల్డర్‌ల పడ్తయ్, అపాచీ కామెల్ రూట్ వాటిని తీస్కోవాలె. కామెల్ అంటె జావా టూల్, ఫైల్ ఏడకెళ్లి తీస్కోవాలె, ఏడికి పంపాలె అని అండ్ల రాసేదే రూట్. నా లాప్‌టాప్‌ల మస్తు నడుస్తది. సర్వర్‌ల విండోస్ సర్వీస్ లెక్క, అంటె ఎవరు లాగిన్ కాకున్న ఎనుక నడిచేటట్టు పెట్టినంక ఒక్క ఫైల్ గూడ ఎత్తుతలేదు. అదే సర్వర్‌ల నేను రిమోట్‌గ లాగిన్ అయి చూస్తె ఆ షేర్‌కు మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్ మంచిగనే ఉంది, ఫైల్ గూడ ఓపెన్ అయితుంది!

సార్: లాగ్‌లో ఏముంది?

కాలర్: స్టార్ట్ అయినప్పుడు డైరెక్టరీ క్రియేట్ చెయ్యలేకపోయిన అని ఒక వార్నింగ్, తర్వాత సప్పుడే లేదు.

సార్: అదే అసలు క్లూ, అందరూ దాన్నే దాటేసి పోతారు. చూడండి, మ్యాప్ చేసిన డ్రైవ్ మిషన్‌ది కాదు, లాగిన్ అయిన సెషన్‌ది. మీ జెడ్ మీది. సర్వీస్ వేరే సెషన్‌లో నడుస్తుంది కాబట్టి దానికి జెడ్ అనే డ్రైవే లేదు. బండి తాళం మీ జేబులో పెట్టుకుని డ్రైవర్‌ని స్టార్ట్ చెయ్యమంటే ఎట్లా? పాత్‌లో జెడ్ తీసేసి యూఎన్‌సీ పాత్ ఇవ్వండి, అంటే రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, షేర్ పేరు. జావా కోడ్‌లో రాస్తే ఒక్కో బ్యాక్‌స్లాష్ రెండవుతుంది, అక్కడ లెక్క తప్పకండి.

కాలర్: అది గూడ పెట్టి చూసిన సార్, యాక్సెస్ డినైడ్ అంటుంది.

సార్: సర్వీస్ ఏ అకౌంట్‌తో నడుస్తోంది? ప్రాపర్టీస్‌లో లాగ్ ఆన్ ట్యాబ్ చూడండి.

కాలర్: లోకల్ సిస్టమ్ అని ఉంది.

సార్: ఆఁ, దొరికింది. లోకల్ సిస్టమ్ నెట్‌వర్క్ మీదికి పోతే మీ పేరుతో పోదు, సర్వర్ పేరు చివర డాలర్ గుర్తుండే కంప్యూటర్ అకౌంట్‌తో పోతుంది. ఆ అకౌంట్‌కి షేర్ మీద హక్కు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. మీ ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లో ఒక సర్వీస్ అకౌంట్ అడిగి తీసుకుని, సర్వీస్‌ని దాంతోనే నడపండి. దానికి పర్మిషన్ రెండు చోట్ల పడాలి, షేర్ మీద ఒకటి, లోపల ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ ఫైల్ సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ మీద ఒకటి, రెండిట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది.

కాలర్: రీడ్ ఇస్తె సాలు గదా సార్? అడ్మిన్ టీమ్ అంతకంటె ఇయ్యనంటరు.

సార్: చాలదు. కామెల్ పని అయ్యాక ఫైల్‌ని డాట్ కామెల్ అనే సబ్‌ఫోల్డర్‌లోకి జరుపుతుంది, అది దాని డిఫాల్ట్, దానికి మాడిఫై, అంటే ఫైల్స్ మార్చే హక్కు కావాలి. వాళ్లు నిజంగానే ఇవ్వం అంటే కామెల్‌లో నోఆప్ అనే సెట్టింగ్ ట్రూ పెట్టండి, ఫైల్ అక్కడే ఉంటుంది, అయితే ఏది చదివేశామో కామెల్ గుర్తుపెట్టుకునేది మెమరీలో, సర్వీస్ రీస్టార్ట్ అయితే అది చెరిగిపోయి పాత ఇన్‌వాయిస్‌లన్నీ మళ్లీ ప్రాసెస్ అవుతాయి. అందుకే ఆ గుర్తుపెట్టుకునే లిస్ట్, అంటే రిపాజిటరీ, డేటాబేస్‌లో పెట్టాలి. నన్నడిగితే మాడిఫై కోసమే కొట్లాడండి.

యాంకర్: ఇంకేమన్నా ఉందా అండీ?

కాలర్: ఒక్కటి మేడమ్. టెస్టింగ్‌ల ఒకసారి సగం ఫైలే వచ్చింది.

సార్: అవతలోడు ఇంకా రాస్తుండగానే మీరు ఎత్తేశారు. రీడ్‌లాక్, అంటే రాయడం అయ్యేదాకా ఫైల్ ముట్టకుండా ఆపే కామెల్ సెట్టింగ్, డిఫాల్ట్‌గా ఏమీ ఉండదు, చేంజ్‌డ్ అని పెట్టండి, సైజూ టైమూ మారుతున్నాయా అని 1 సెకండ్ ఆగి చూస్తుంది. నెట్‌వర్క్ స్లో అయితే ఆ గ్యాప్ పెంచండి, ఎందుకంటే మధ్యలో ఆగి ఆగి రాసేవాళ్లుంటే 1 సెకండ్‌కి మోసపోతుంది. పంపేవాళ్లు మాట వింటే ఇదంతా అక్కర్లేదు, టెంప్ పేరుతో రాసి పూర్తయ్యాక రీనేమ్ చెయ్యమనండి, మీ రూట్ అసలు పేరున్నవే తీసుకుంటుంది. ఇంకోటి, ఫోల్డర్ లేకపోతే తనే తయారుచేసే ఆటోక్రియేట్ ఫాల్స్ చేసి స్టార్టింగ్ డైరెక్టరీ మస్ట్ ఎగ్జిస్ట్ ట్రూ చెయ్యండి, ఫోల్డర్ కనపడకపోతే స్టార్ట్‌లోనే గట్టిగా అరుస్తుంది, ఇట్లా మూగనోము పట్టదు.

కాలర్: సరే సార్, రేపు పొద్దుగాల అడ్మినోళ్లకు టికెట్ ఏస్త. థ్యాంక్స్ సార్.

యాంకర్: థ్యాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్ ఉప్పల్ నుంచి, హలో, చెప్పండి…