తాళం వేయని ఇనప్పెట్టె

అందరికీ నమస్కారం.

బందిపోట్లు వస్తే జనం తలుపులు వేసుకుంటారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో మాత్రం, 1876 సెప్టెంబర్ 7న, దుకాణాలు నడుపుకునేవాళ్లు తుపాకులు పట్టుకుని వీధిలోకి వచ్చారు. ఎందుకొచ్చారో చెప్పాలనే ఈ కథ ఎత్తుకున్నాను.

వచ్చినవాళ్లు ఎనిమిది మంది. జెస్సీ జేమ్స్, అతని అన్న ఫ్రాంక్, యంగర్ సోదరులు ముగ్గురు, ఇంకో ముగ్గురు. వాళ్లలో ముగ్గురు ఫస్ట్ నేషనల్ బ్యాంకులోకి దూరారు. ఆ రోజు క్యాషియర్ ఊళ్లో లేడు. అతని పని చూస్తున్నది పద్దులు రాసే జోసెఫ్ లీ హేవుడ్. ఇనప్పెట్టె తెరవమన్నారు. టైమ్ లాక్ (పెట్టిన వేళకే తెరుచుకునే తాళం) ఉంది, తెరవడం కుదరదన్నాడు హేవుడ్. కొట్టారు, గొంతు మీద కత్తితో గీరారు. అయినా అదే మాట. నిజానికి పెట్టెకు తాళమే పడలేదు. పిడి తిప్పి చూడాలని ఆ ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు! పోతూ పోతూ హేవుడ్ తలలో తూటా దించారు. చేతికి చిక్కింది 26 డాలర్ల 70 సెంట్లు.

ఈలోగా బయట కాల్పులు మొదలయ్యాయి. ఇనప సామాన్ల వ్యాపారి మానింగ్ వీధి మలుపు నుంచి, సెలవులకు ఇంటికొచ్చిన మెడిసిన్ విద్యార్థి వీలర్ హోటల్ మేడ మీద నుంచి చెరొకణ్ణి పడగొట్టారు. తుపాకీ దొరకనివాళ్లు రాళ్లు రువ్వారు. అప్పటికి డిపాజిట్లకు ప్రభుత్వ బీమా లేదు, అది 1930లలో వచ్చింది. బ్యాంకు ఖాళీ అయితే మునిగేది ఊరివాళ్లే. ధైర్యం లేదనను, కానీ ఈ లెక్క వదిలేస్తే కథ సగమే. గొడవలో గుస్టాఫ్‌సన్ అనే స్వీడన్ వలసవాసికి తూటా తగిలి, కొన్నాళ్లకు చనిపోయాడు. అతన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

తర్వాత రెండు వారాల వేట. మడేలియా అనే ఊరి దగ్గర ఓ పదిహేడేళ్ల రైతు కుర్రాడు అనుమానించి కబురు చేస్తే, యంగర్లు ముగ్గురూ పట్టుబడ్డారు, వాళ్లతో ఉన్న నాలుగోవాడు కాల్పుల్లో పోయాడు. జేమ్స్ సోదరులు తప్పించుకున్నారు. నేరం ఒప్పుకుంటే ఉరి తప్పుతుందని అప్పటి మిన్నెసోటా చట్టం. యంగర్లు ఒప్పేసుకుని యావజ్జీవం తెచ్చుకున్నారు. వాళ్లలో బాబ్ 1889లో జైల్లోనే క్షయతో పోయాడు. మిగతా ఇద్దరూ 1901లో పెరోల్‌పై వచ్చారు. కోల్ యంగర్ 1903లో ఫ్రాంక్ జేమ్స్‌తో కలిసి టికెట్లు పెట్టి వైల్డ్ వెస్ట్ ప్రదర్శన (గుర్రాలు, తుపాకులతో పశ్చిమ అమెరికా జీవితాన్ని చూపే ఆట) నడిపాడు.

హేవుడ్ భార్యకూ, చిన్న కూతురికీ మాత్రం దేశంలోని బ్యాంకులు చందాలు వేసి పంపాయి.