పాత జట్టుకు తిరిగొచ్చిన ఆటగాడికి ఏ పని అప్పజెప్పాలి?

అందరికీ నమస్కారం. ఈరోజు బేస్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. మనలో చాలామందికి క్రికెట్టే బాగా తెలుసు కాబట్టి అవసరమైన చోట దాంతో పోలుస్తూ చెబుతాను.

2022 మార్చి 28న అమెరికాలోని సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు తన పాత బ్యాటర్ ఆల్బర్ట్ పూహోల్స్‌ను ఒక్క ఏడాదికి తీసుకుంది. జీతం 25 లక్షల డాలర్లు. 2011 డిసెంబర్‌లో ఇదే జట్టును వదిలి ఏంజెల్స్ అనే మరో జట్టుకు వెళ్లినప్పుడు అతని పదేళ్ల ఒప్పందం విలువ 24 కోట్ల డాలర్లు. 2022లో అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టే కొత్త కుర్రాడికి ఇవ్వాల్సిన కనీస జీతమే 7 లక్షలు. అంటే మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్న మనిషి దానికి మూడున్నర రెట్లకు వచ్చాడు. వయసు 42. మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) ఆలివర్ మార్మొల్ అతనికంటే ఆరేళ్లు చిన్న.

ఇలాంటి రాకను చాలామంది భావోద్వేగంగానే చూస్తారు. తప్పులేదు. 2019లో అతను ఏంజెల్స్ చొక్కాలో సెయింట్ లూయిస్ వచ్చి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, ప్రత్యర్థి అని కూడా చూడకుండా స్టేడియం లేచి నిలబడింది. కానీ చప్పట్లతో ఎవరికీ పరుగులు రావు. తిరిగొచ్చిన మనిషికి ఇచ్చే పని ఎంత కొలతలో కోశారన్నదే అసలు లెక్క. ఆ కోతే ఇవాళ్టి విషయం.

ముందు వయసు ఏం చేస్తుందో చూద్దాం. పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిలబడే చోటు నుంచి బ్యాటర్ ఉండే హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి ఇంచుమించు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. అందులో దాదాపు సగం బంతిని చూసి పోల్చుకోవడానికి, మిగతా సగం బ్యాట్ తిప్పడానికి. వయసుతో బ్యాట్ వేగం తగ్గుతుంది. తగ్గినప్పుడు బ్యాటర్ ఏం చేస్తాడు? ముందే తిప్పడం మొదలుపెడతాడు. అంటే చూసే సమయంలోంచి అప్పు తెచ్చుకుంటాడు. ఫాస్ట్‌బాల్ అనుకుని మొదలుపెట్టిన బ్యాట్, అది స్లైడరై పక్కకు జారేసరికి గాలిని కోస్తుంది. పూహోల్స్‌కు దీనికి తోడు పాదాల బాధ కూడా ఉంది. అరికాలి కింద పట్టీలా ఉండే కణజాలం చిరిగి 2013 సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు, తర్వాత శస్త్రచికిత్సలూ జరిగాయి. బ్యాటర్ బలం నేల నుంచి కాళ్ల ద్వారా పైకొస్తుంది. పాదం సరిగా నిలవకపోతే నడుము తిరగదు, నడుము తిరగకపోతే బంతి కంచె దగ్గరే చేతికి చిక్కుతుంది. కార్డినల్స్‌తో మొదటి పదకొండేళ్లలో 0.328 ఉన్న సగటు ఏంజెల్స్‌తో 0.256కు పడింది.

(బేస్‌బాల్ సగటు అంటే మన సగటు లాంటిది కాదు. 0.328 అంటే వెయ్యి అవకాశాల్లో 328 సార్లు హిట్ సాధించాడని, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరాడని అర్థం. 0.300 దాటితే గొప్ప, 0.220 అంటే ఉద్యోగానికి ఎసరు.)

ఈ నష్టాన్ని పూడ్చే మార్గం ఒకటుంది. కుడిచేతి బ్యాటర్‌ను ఎడమచేతి పిచ్చర్ల మీదికి పంపడం. ఎడమచేతి స్పిన్నర్ బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా తిరుగుతుందని క్రికెట్‌లో మనకు అలవాటు. ఇక్కడ తిరకాసు. ఎడమచేతి పిచ్చర్ స్లైడర్ కుడిచేతి బ్యాటర్ వైపే వస్తుంది. చేతి నుంచి బంతి విడిచే క్షణం కూడా అతనికి ఎదురుగా బాగా కనిపిస్తుంది. వయసు తినేసిన ఆ సెకనులో వందో వంతులు కొన్ని ఇలా తిరిగొస్తాయి. 2021లో ఏంజెల్స్ వదులుకున్న తర్వాత డాడ్జర్స్ అతన్ని ఎక్కువగా ఇలాగే వాడి 12 హోమ్ రన్లు రాబట్టుకుంది. కార్డినల్స్ ఆ నమూనానే తీసుకుంది.

అయితే ఎడమచేతి పిచ్చర్లు మొత్తంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటారు. మిగతా రోజుల్లో ఇతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇక్కడే చాలా జట్లు దెబ్బతింటాయి. జట్టులో 26 మంది. 2022 జూన్ 20 నుంచి అందులో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. మిగిలిన 13 మందిలో 9 మంది బరిలో, 4 మంది బెంచీ మీద. ఆ నలుగురిలో ఒకరు రెండో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు). మొదటివాడికి గాయమైతే దిక్కులేదని అతన్ని చివరిదాకా కదిలించరు. మిగిలింది ముగ్గురు. అందులో ఫీల్డింగ్‌కూ పరుగుకూ పనికిరాని 42 ఏళ్ల మనిషి ఒకరైతే, మేనేజర్ చేతిలో నిజంగా ఉండేది ఇద్దరే. కార్డినల్స్ ఈ బరువు మోయగలిగింది బ్రెండన్ డొనొవన్, టామీ ఎడ్మన్ లాంటివాళ్లు ఉండబట్టే. డొనొవన్ ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు. ఆ ఏడాదే కొత్తగా పెట్టిన బహుళ స్థానాల గోల్డ్ గ్లవ్ (ఫీల్డింగ్ బహుమతి) కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌లో అతనికే దక్కింది. పూహోల్స్ కుర్చీకి అద్దె కట్టింది డొనొవన్ అని నేనంటాను. ఆ కథ పెద్దగా ఎవరూ చెప్పరు.

రెండో ఆసరా నిబంధన. కేవలం బ్యాటింగ్‌కే వచ్చే డెసిగ్నేటెడ్ హిట్టర్‌ను, మన ఇంపాక్ట్ ప్లేయర్‌కు దూరపు చుట్టం అనుకోండి, నేషనల్ లీగ్ శాశ్వతంగా ఒప్పుకున్నది 2022లోనే. అంతకు ఏడాది ముందైతే సెయింట్ లూయిస్‌లో ఈ పని లేనే లేదు. పూహోల్స్ ఫీల్డింగ్ చేసే ఫస్ట్ బేస్‌లో అప్పటికే పాల్ గోల్డ్‌ష్మిట్ ఉన్నాడు. అతను ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడు.

మూడోది 2020 నుంచి ఉన్న ముగ్గురు బ్యాటర్ల నియమం. కొత్తగా దిగిన పిచ్చర్ ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్ ముగించాలి. ఎడమచేతి పిచ్చర్ దిగగానే మరో బ్యాటర్‌కు బదులుగా, అంటే పించ్ హిట్టర్‌గా పూహోల్స్‌ను పంపితే ప్రత్యర్థి వెంటనే పిచ్చర్‌ను మార్చలేడు. సెప్టెంబర్ 4న కబ్స్‌తో స్కోరు సున్నా సున్నాగా ఉండగా ఎనిమిదో ఇన్నింగ్‌లో ఎడమచేతి బ్రాండన్ హ్యూస్ మీద ఇలాగే వచ్చి రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మ్యాచ్ 2-0. ఆగస్టు 18న కొలరాడో మీద మూడో ఇన్నింగ్‌లోనే పించ్ హిట్టర్‌గా దిగి, ఎడమచేతి ఆస్టిన్ గోంబర్ బంతిని నాలుగు పరుగుల హోమ్ రన్‌గా, అంటే గ్రాండ్ స్లామ్‌గా మలిచాడు.

ఇదంతా మొదటి నుంచీ సాఫీగా సాగలేదు. సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి అతని సగటు 0.215, హోమ్ రన్లు 6. తర్వాత 18 కొట్టాడు. 109 మ్యాచ్‌లలో 351 సార్లు ప్లేట్ దగ్గరికి వచ్చి 0.270 సగటు, 24 హోమ్ రన్లతో ముగించాడు. రోజూ ఆడేవాడికి ఆరేడు వందల అవకాశాలు వస్తాయి. ఇతనికి దాదాపు సగం. ఆ సగమే అతని కాళ్లను సెప్టెంబర్ దాకా నిలబెట్టింది. మే 15న జయింట్స్ మీద 15-6తో గెలిచిన మ్యాచ్‌లో చివరి ఇన్నింగ్ పిచింగ్ కూడా చేయించారు. నాలుగు పరుగులిచ్చాడు. ఆ పని మళ్లీ అప్పజెప్పలేదు.

పని కోయకపోతే ఏమవుతుందో చూడండి. హ్యాంక్ ఆరన్ 1975లో మిల్వాకీకి తిరిగొచ్చాడు. జట్టు వేరు, ఊరు పాతది. బ్యాటింగ్ ఒక్కటే పని, కానీ 41 ఏళ్ల మనిషిని 137 మ్యాచ్‌లు ఆడించారు. సగటు 0.234. 2018లో ఇచిరో సుజుకిని సియాటిల్ తిరిగి తెచ్చుకుంది, గాయాలతో అవుట్‌ఫీల్డర్లు తగ్గారని. అవసరమున్నది పరిగెత్తే పనికి. 44 అవకాశాల్లో 9 హిట్లు, మే మొదటి వారానికే అతన్ని మైదానం నుంచి సలహాదారు పాత్రకు మార్చారు. అదే ఊరికి 2009లో వచ్చిన కెన్ గ్రిఫీ జూనియర్ తొలి ఏడాది 19 హోమ్ రన్లు కొట్టాడు. అక్కడ ఆగితే బాగుండేది. రెండో ఏడాది 33 మ్యాచ్‌లు, ఒక్క హోమ్ రన్ లేదు, సగటు 0.184. 2010 జూన్ 2న ఆట వదిలేశాడు. పూహోల్స్ మాత్రం వచ్చిన రోజే ఇదే చివరి ఏడాది అన్నాడు. అందువల్ల వచ్చే ఏడాది ఉంచాలా వద్దా అనే తంటా జట్టుకు లేకుండా పోయింది.

మిగిలిన తంటా కెరీర్‌లో 700 హోమ్ రన్ల మైలురాయి. సెప్టెంబర్‌లో అభిమానులు రోజూ అతన్నే చూడాలంటారు, మేనేజర్ పాయింట్ల పట్టిక చూడాలి. సెప్టెంబర్ 23న లాస్ ఏంజెలిస్‌లో ప్రత్యర్థి పిచ్చర్ ఎడమచేతి ఆండ్రూ హీనీ కావడంతో సహజంగానే జట్టులో ఉన్నాడు. మూడో ఇన్నింగ్‌లో హీనీ మీద 699, నాలుగో ఇన్నింగ్‌లో కుడిచేతి ఫిల్ బిక్‌ఫర్డ్ మీద 700. బాండ్స్, ఆరన్, రూత్ తర్వాత నాలుగోవాడు. మొత్తం 703 దగ్గర ఆగాడు.

అక్టోబర్ 8న బుష్ స్టేడియంలో ఫిలడెల్ఫియాతో రెండో ప్లేఆఫ్ మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్‌లో పూహోల్స్ సింగిల్ కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. కార్డినల్స్ 0-2తో వెనుకబడి ఉంది, బేస్ మీద వేగం కావాలి. పించ్ రన్నర్‌గా బెన్ డెలూజియో వచ్చాడు. ఒకసారి బయటికి వెళ్లినవాడు మళ్లీ ఆడకూడదు. స్కోరు మారలేదు, సీజన్ ముగిసింది. బేస్ మీదున్న మనిషిని మార్చడం ఆ నిమిషంలో సరైన నిర్ణయమే. ఇక ప్రశ్నలుంటే అడగండి.