తొమ్మిది అంగుళాల కత్తి, ఆర్నెల్ల బైండోవర్ విచారణ

హన్మకొండలో రాత్రి కొట్లాట అయితే, తెల్లారేసరికి ఆ వీడియో నర్సంపేట, ములుగు దాకా పోతది. అందరి నోటా ఒకటే ప్రశ్న: రౌడీషీట్ ఉన్నోడి చేతికి కత్తి ఎట్ల వచ్చింది? అసలు రౌడీషీట్ ఏ ఆయుధాన్నీ నిషేధించదు. అది స్టేషన్ల ఉండే నిఘా రికార్డు, శిక్ష కాదు.

మరి నేరం చేసినోడికి ఆంక్షే లేదా అంటే, ఉంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 9 చూడండి. హింసకు సంబంధించిన నేరంలో జైలుశిక్ష పడ్డోడు, శిక్ష ముగిసినంక 5 ఏండ్ల దాకా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవద్దు. మంచి నడవడికకు బాండ్ రాసిచ్చినోడికి ఆ బాండ్ గడువంతా అదే నిషేధం. కానీ అందులో ఉన్నది తుపాకీ మాటే, కత్తి మాట లేదు. మన గల్లీ గొడవల్లో బయటికొచ్చేది తుపాకీనా?

కత్తికి వేరే కొలత ఉంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అది ఆయుధం కింద లెక్క. ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు. గీత కార్మికుడి కత్తి, పొలంల కొడవలి, మటన్ దుకాణం కత్తి జోలికి ఈ నియమం రాదు. పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి రీల్ పెట్టే పోరగాళ్లకు మాత్రం ఈ మినహాయింపు అక్కరకు రాదు. తల్వార్ ఏ వంటింటి సామానో వాళ్లే చెప్పాలె.

కేసు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పంచనామాల "ఒక పెద్ద కత్తి" అని రాసి వదిలేస్తరు. లేకుంటే పిడితో కలిపి కొలుస్తరు, పిడి తీసేస్తే బ్లేడు ఎనిమిదిన్నర అంగుళాలే తేలుతది. టేపు బ్లేడు మొదట్ల పెట్టి మొన దాకా పొడవు కొలవాలె, వెడల్పు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కొలవాలె. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ప్రకారం స్వాధీనాన్ని వీడియో తీయాలె కాబట్టి, ఆ టేపు అంకెలు కూడా అందులో కనబడితే వాదన అక్కడికే సగం తెగుతది. ఇంకో మెలిక: ఆయుధాల చట్టం సెక్షన్ 4 కింద పెట్టే కత్తి కేసుకు, ఆ ప్రాంతానికి ప్రభుత్వ నోటిఫికేషన్ ఉన్నట్టు కోర్టుకు చూపియ్యాలె. ఆ కాగితం ఫైల్ల లేకుంటే కత్తి ఎంత పొడవున్నా లాభం లేదు. పొడిస్తే మాత్రం కొలతతో పనిలేదు, కూరగాయల కత్తి అయినా గాయపరిచిన సెక్షన్లు పడతయ్.

పొడవకముందే ఆపే దారి బైండోవర్, అంటే గొడవ చేయనని మేజిస్ట్రేట్ ముందు బాండ్ రాయించుకునుడు. మండలాల్లో తహసీల్దార్ ముందు, కమిషనరేట్‌లో ఆ అధికారం ఉన్న పోలీసు అధికారి ముందు హాజరుపరుస్తరు. శాంతిభద్రతల బాండ్ బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 126 కింద ఏడాది వరకు, పాత నేరస్తుల నడవడిక బాండ్ సెక్షన్ 129 కింద 3 ఏండ్ల వరకు. ముందుగా రాతపూర్వక ఉత్తర్వు ఉండాలె: అందిన సమాచారం సారాంశం, బాండ్ మొత్తం, గడువు, ఎంతమంది జామీను. సంతకం పెట్టించుకుని పంపిస్తే అది బైండోవర్ కాదు. విచారణ మొదలైనంక 6 నెలల్లో ముగియాలె, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప దానంతటదే రద్దయితది. ఫైలు కదలక ఆర్నెల్లు దాటితే బెదిరించినోడు చేతులు దులుపుకొని పోతడు.

బాండ్ ఉన్నంక మళ్లీ బెదిరిస్తే చాలామంది పెద్దమనుషుల పంచాయితీల మాట్లాడుకుని ఊరుకుంటరు. అప్పుడు బాండ్ ఉల్లంఘన ఎక్కడా నమోదు కాదు. వెంటనే 112కు ఫోన్ చేయండి, నేల మీద పడ్డ కత్తి ముట్టుకోకండి. తర్వాత అదే స్టేషన్‌లో తేదీ, టైము, అన్న మాటలు రాసిచ్చి, పాత బైండోవర్ నంబరు వేసి రసీదు తీసుకోండి. శాంతిభద్రతల బాండ్ తప్పినట్టు రుజువైతే మిగిలిన గడువంతా జైల్ల పెట్టే అధికారం ఆ బాండ్ రాయించుకున్న మేజిస్ట్రేట్‌కు (తహసీల్దార్ గానీ పోలీసు అధికారి గానీ) ఉంది. కానీ ఆ కాగితం ఆయన టేబుల్ మీదికి రావాలె.