పిల్లవాడు ఏ తరగతి దగ్గర ఆగిపోయాడు?

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట మన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు చదువు చెప్పడానికి ఇంతమంది పేర్లిచ్చారు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు. మొదటి రోజు మీలో చాలామంది చేయబోయే పని పదో తరగతి పుస్తకం తెరవడం. దయచేసి ఆ పని చేయకండి.

ఎందుకో ఒక లెక్కలో చూద్దాం. వర్గ సమీకరణంలో గుణకాలు 2, మైనస్ 5, 3 అనుకోండి. దీనికి వాస్తవ మూలాలున్నాయో లేదో చెప్పే సూత్రం పదో తరగతి పిల్లవాణ్ణి అడగండి. ‘బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ’ అని గడగడా అప్పజెపుతాడు. ఆ తర్వాత మైనస్ 5ని వర్గం చేసి మైనస్ 25 అని రాస్తాడు. అందులోంచి 24 తీసేసి, మైనస్ 49 వచ్చింది కాబట్టి వాస్తవ మూలాలు లేవని ముగిస్తాడు. నిజానికి 25లోంచి 24 పోతే 1. మూలాలు ఒకటి, ఒకటిన్నర. మీరు సూత్రాన్ని మళ్లీ పదిసార్లు చెప్పినా ఈ తప్పు పోదు, ఎందుకంటే సూత్రం వాడికి వచ్చు. రానిది ఏడో తరగతిలో చెప్పిన పూర్ణ సంఖ్యల గుణకారం, అంటే మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అవుతుందన్నది.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదంది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల విషయం రాష్ట్రాలకు వదిలేశారు. ఆపకూడదన్న నియమం మంచిదే. ఫెయిలైన పిల్ల మళ్లీ బడి గడప తొక్కకపోవడం మనకు తెలిసిందే. అయితే రానిదాన్ని నేర్పి పై తరగతికి పంపే ఏర్పాటు దాంతోపాటు గట్టిగా రాలేదు. పిల్లలకు చదువు ఎంతవరకు వచ్చిందో చూసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2023 అసర్ సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలకు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఇచ్చారు. సరిగ్గా చేసినవాళ్లు 43.3 శాతం మాత్రమే.

అందుకే మొదటి వారమంతా పాఠం వద్దు, పరీక్ష చాలు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 20 నిమిషాలు చూడండి. ముందు ఐదో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా బయటికి చదివించండి. పదం పదం కూడబలుక్కుంటుంటే రెండో తరగతి పుస్తకం ఇవ్వండి. తర్వాత లెక్కలు, ఈ వరసలోనే: 403లోంచి 178 తీసివేత, 612ని 6తో భాగహారం, సగానికి మూడోవంతు కూడిక, మైనస్ 7కి 3 కలపడం, ఒక సంఖ్యకు రెండు రెట్లు చేసి 5 కలిపితే 17, ఆ సంఖ్య ఎంత? 612ని 6తో భాగించి 102 బదులు 12 రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఒకట్ల స్థానం, పదుల స్థానం అన్న ఊహ వాళ్లకు ఇంకా కుదరలేదన్నమాట. ఎక్కడ ఆగితే అక్కడే వాళ్ల మొదటి పాఠం. మార్కులు వేయకండి, ఎవరెక్కడ ఆగారో పక్కవాళ్లకు వినబడేలా చెప్పకండి. పదిహేనేళ్ల పిల్ల చేతిలో రెండో తరగతి పుస్తకం పెట్టడమే సున్నితమైన పని. అట్ట కనబడకుండా ఆ పేజీ జిరాక్స్ తీసి ఇవ్వండి.

గుంపులు తరగతిని బట్టి కాదు, ఆగిన చోటును బట్టి కట్టాలి. ఒక్కరికి నలుగురైదుగురు పిల్లలు, అంతకు మించితే వెనక కూర్చున్నవాడు మళ్లీ మాయమవుతాడు. వారానికి మూడు రోజులు, రోజుకు గంటంపావు: పావుగంట బయటికి చదవడం, అరగంట ఆగిన చోటి లెక్కలు, అరగంట ఆ రోజు బడిలో చెప్పిన పాఠం. మైనస్ గుర్తులకు అప్పు, చేతి సొమ్ము లెక్క వాడండి. ఏడు రూపాయలు అప్పున్నవాడు మూడు కట్టాడు, ఇంకా ఎంత? ఇది ఎవరూ తప్పు చెప్పరు. దాన్నే కాగితం మీద గుర్తులతో రాయించడం మీ పని.

ఇంకొక సంగతి ఆకలి. మధ్యాహ్న భోజనం ఒంటిగంట లోపే అయిపోతుంది, ఐదింటికి బుర్ర పనిచేయదు. తలకు 30 గ్రాముల చొప్పున 25 మందికి ముప్పావు కిలో శనగలు, ముందు రాత్రి నానబెట్టి ఉడికించి ఉప్పేస్తే చాలు. అది లేకపోతే మీ అరగంట లెక్కలు వృథా.

ఇలాంటి కేంద్రాలు మూతపడేది సాధారణంగా పిల్లల వల్ల కాదు, మన వల్ల. నవంబరు, డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలని కుర్రాళ్లు మానేస్తారు. అందుకని ప్రతి గుంపుకూ ఇద్దరుండాలి, ఒక నోటుబుక్కు ఉండాలి. ఈ రోజు ఎవరికి ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది రెండు వాక్యాల్లో రాసి పెడితే రేపు వచ్చేవాళ్లు అక్కడినుంచి అందుకుంటారు. పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు పిల్లలు రారు. రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు ఇంటికి వెళ్లండి. నిలదీయడానికి కాదు. ‘అమ్మా, వారంలో ఏ రెండు రోజులు పంపగలరు?’ అని అడగండి. ఆ రెండు రోజులే ఖాయం చేసుకోండి.

హెడ్మాస్టరు అనుమతి కాగితం మీద తీసుకోవాలి. గదిలో పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, తలుపు తెరిచే ఉండాలి, ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఏ పిల్లయినా ఇంట్లో హింస గురించో, పెళ్లి చేస్తున్నారనో చెబితే మీరే పంచాయితీ పెట్టకండి. హెడ్మాస్టరుకు చెప్పండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

సంక్రాంతి దాటాక పదో తరగతి పిల్లలకు పేపరు తీరు చూపించండి. ఆంధ్రప్రదేశ్ గణితం పేపరులో 100 మార్కులకు 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8 కలిపితే 28. నాలుగు మార్కులవి రెండు తోడైతే 36, పాసు మార్కు 35. ఎనిమిది మార్కుల ప్రశ్నల వెంటపడి ఈ 28ని వదిలేయనివ్వకండి.

ఫలితాలు వచ్చిన సాయంత్రం తప్పినవాళ్ల ఇంటికి ముందు మీరు వెళ్లండి. ఏ సబ్జెక్టు పోయింది, ఎన్ని మార్కులు తగ్గాయి, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది. పిల్ల మరీ కుంగిపోయినట్టు కనిపిస్తే ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి, అక్కడినుంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీమానస్ 14416కి ఫోన్ కలపండి. మర్నాటి సాయంత్రం కేంద్రం తెరిచే ఉంటుందని కూడా ఆ ఇంట్లో చెప్పి రండి.