స్పిన్నర్ వంకర తిరిగితే మోటార్ మార్చకండి: అల్యూమినియం స్పిన్నర్, రెండు ప్రాప్‌ల రివ్యూ

నమస్తే ఫ్రెండ్స్. టేబుల్ మీద కనిపిస్తున్నది రెండు అంగుళాల అల్యూమినియం స్పిన్నర్, అంటే రిమోట్ కంట్రోల్ విమానం ముక్కున, ప్రాప్ (ప్రొపెల్లర్) మధ్యలో పెట్టే కోన్ ఆకారపు టోపీ. పక్కన ఏపీసీ కంపెనీ ఎలక్ట్రిక్ ప్రాప్‌లు రెండు ఉన్నాయి, ఒకటి 11×5.5, ఇంకోటి 12×6. స్పిన్నర్‌ని హైదరాబాద్‌లోని ఒక హాబీ షాపు వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. ప్రాప్‌లు నేను కొనుక్కున్నవే. కొలతలు, రంగులు, ధర అన్నీ షాపు పేజీలో మీరు చూసే ఉంటారు, వాటిని మళ్లీ చదవను.

నేను చూసింది ఒక్కటే. ఇది వంకర లేకుండా తిరుగుతోందా, లేదా?

ఎందుకింత పట్టుదల అంటే, పోయిన ఎండాకాలం సంగతి చెప్పాలి. నా ట్రైనర్, అంటే నేర్చుకోవడానికి వాడే విమానం, మీకు తెలుసు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి మీటరున్నర, బరువు 1.6 కిలోలు, 900 కేవీ (లోడ్ లేకుండా వోల్టుకి నిమిషానికి 900 చుట్లు) 3548 సైజు మోటార్, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, 40 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్). దానికి అప్పట్లో కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ స్పిన్నర్ ఉండేది. సగం థ్రాటిల్ దాటగానే ముక్కు దగ్గర గుర్రుమని ఒక శబ్దం. రెక్క మీద పెట్టిన చిన్న కెమెరాలో వీడియో అంతా అలలు అలలుగా వచ్చేది. ప్రాప్ బ్యాలెన్స్ చేశాను, తగ్గలేదు. మళ్లీ చేశాను, తగ్గలేదు. ఇక బేరింగ్ పోయిందని నిర్ధారణ చేసుకుని కొత్త మోటార్ కొన్నాను. బిగించి థ్రాటిల్ ఇస్తే అదే గుర్రు! ఈలోపు మోటార్ బిగించిన ఫైర్‌వాల్ దగ్గర జిగురు విడిపోయి వెంట్రుకంత సందు వచ్చింది.

మేం ఎగరేసేది మా ఊరి చెరువు శిఖంలో. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయాక కనుచూపు మేర ఖాళీ నేల, కానీ అంతా నెర్రెలు. ఒకరోజు అక్కడ స్పిన్నర్ స్క్రూ ఒకటి జారి నెర్రెలో పడింది. తమ్ముడు, నేను అరగంట వెతికినా దొరకలేదు. పొద్దున్నే అంత దూరం వెళ్లాం కదా, ఊరికే తిరిగి రాబుద్ధి కాలేదు. స్పిన్నర్ మొత్తం తీసేసి, ప్రాప్‌నీ నట్‌నీ మాత్రమే బిగించి ఎగరేశాను. శబ్దం లేదు. వీడియో గాజులా వచ్చింది. తప్పు మోటార్‌ది కాదు, ముందున్న ఆ ప్లాస్టిక్ టోపీది!

స్పిన్నర్ అందానికే కదా, అంత చిన్నది ఏం చేస్తుందిలే అనుకుంటాం. లెక్క వేసి చూడండి. స్పిన్నర్ ఒక పక్క ఒకే ఒక్క గ్రాము ఎక్కువ ఉందనుకుందాం, అదీ మధ్య నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో. నిమిషానికి 7,300 చుట్లు తిరిగేటప్పుడు ఆ ఒక్క గ్రాము షాఫ్ట్‌ని సుమారు 1.2 కిలోల బలంతో పక్కకి గుంజుతుంది. ఆ గుంజడం సెకనుకి 120 సార్లకి పైగా దిక్కు మారుతుంది. జిగురు విడిపోదా మరి!

ఇప్పుడు కెమెరా దగ్గరకి తెస్తున్నాను, ఇది చూడండి. బ్యాటరీ తీసేశాను. పుస్తకాలు దొంతర పెట్టి, వాటి మీద మార్కర్ పెన్నుని కదలకుండా ఆనించాను. పెన్ను మొన స్పిన్నర్ అంచుకి తగిలీ తగలనట్టు ఉంది. ఇది పాత ప్లాస్టిక్‌ది. చేత్తో మెల్లగా తిప్పుతున్నాను. ఇదిగో, ఇక్కడ సిరా అంటింది. ఇక్కడి నుంచి లేదు. మొత్తం చుట్టులో పావు వంతే నల్లగా అయింది, మిగతా చోట పెన్నుకీ ప్లాస్టిక్‌కీ మధ్య వెలుతురు కనిపిస్తోంది. అర మిల్లీమీటరు పైనే వంకర.

ఇప్పుడు అల్యూమినియంది. తిప్పుతున్నాను... చుట్టూ సన్నటి గీత, ఎక్కడా తెగలేదు. దారం కట్టినట్టు ఉంది. ఇది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

తేడా అంతా బ్యాక్‌ప్లేట్, అంటే ప్రాప్ వెనక ఉండే స్పిన్నర్ అడుగు ప్లేట్, రంధ్రంలో ఉంది. ప్రాప్‌ని మోటార్‌కి పట్టించే నా అడాప్టర్ 6 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ దాని రంధ్రం 8. మధ్యలో వేసుకోమని ఇచ్చిన రింగు కూడా వదులే. నట్ బిగించేటప్పుడు ప్లేట్ ఎటు జరిగితే అటే నిలిచిపోతుంది. అల్యూమినియం ప్లేట్‌కి సరిపోయే బుష్ (రంధ్రంలో సందు లేకుండా కూర్చునే చిన్న గొట్టం) లోపలే ఉంది, కోన్ కూర్చోవడానికి చుట్టూ గాడి ఉంది. అందుకే జరగడానికి చోటు లేదు. మీ దగ్గర ప్లాస్టిక్‌దే ఉంటే పారేయకండి. లేత్ షాపులో మీ షాఫ్ట్ కొలతకి ఒక బుష్ చేయించి వేసి చూడండి, చాలావరకు దారికొస్తుంది. ప్రాప్ రంధ్రానికీ ఇదే మాట. ఏపీసీ ఎలక్ట్రిక్ ప్రాప్‌తో పాటు చిన్న చిన్న రింగులు వస్తాయి, వాటిని చెత్తలో వేసేవాళ్లని చూశాను. వద్దండీ. ప్రాప్‌ని షాఫ్ట్ మధ్యలో నిలబెట్టేవి అవే.

కోపం వచ్చిన విషయం కూడా చెప్పాలి. ఈ స్పిన్నర్‌కి పక్క స్క్రూలు ఉండవు. ముక్కు నుంచి ఒకే పొడుగు బోల్టు లోపలి నట్‌లోకి దిగుతుంది. అది చాలా మంచి పద్ధతి. కానీ ప్యాకెట్‌లో ఇచ్చిన నట్ ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మర! నా దగ్గర ఉన్నది ఎం6 అడాప్టర్. నట్ సరిపోకపోతే ఇంత చక్కటి స్పిన్నర్ అలమారాలో బొమ్మే. లేత్ షాపు అన్న ఆరు పలకల కడ్డీ ముక్క తీసుకుని, ఒక వైపు ఎం6, రెండో వైపు బోల్టుకి సరిపడా మరలు కోసిచ్చాడు కాబట్టి సరిపోయింది. షాపు వాళ్లకి నా మాట ఇదే, రెండు నట్లూ పెట్టండి. గ్లో ఇంజిన్ (ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) వాళ్లయితే మీ క్రాంక్ షాఫ్ట్ మర చూసుకోండి. 46 సైజు (0.46 ఘనపు అంగుళాల) ఇంజిన్లలో చాలావాటికి 1/4-28 (పావు అంగుళం, అంగుళానికి 28 మరలు) ఉంటుంది, మెట్రిక్ నట్ బలవంతంగా ఎక్కిస్తే షాఫ్ట్ మరలు పోతాయి.

ఇంకోటి, కోన్‌లో ప్రాప్ దూరే కోత. 11×5.5కి హాయిగా సరిపోయింది. 12×6 బ్లేడు మొదలు మాత్రం కోన్‌కి ఆనింది. అలా ఆనితే కోన్ గాడిలో పూర్తిగా కూర్చోదు, అంచు బ్లేడుని కోస్తూ ఉంటుంది. చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఆకురాయితో కోన్ కోతని రెండు వైపులా సమానంగా అరగదీసి, మళ్లీ బ్యాలెన్సర్ మీద చూశాను.

ఇక ప్రాప్‌లు. మొదటి అంకె ప్రాప్ ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని అంగుళాలో చెబుతుంది. రెండోది పిచ్, అంటే జారకుండా వెళ్తే ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి పోతుందో. 11×5.5 నా వాట్ మీటర్‌లో 19 ఆంప్స్ తీసుకుంది, 7,700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). 12×6 పెడితే 26 ఆంప్స్, 7,300 ఆర్‌పీఎం. పిచ్ స్పీడ్ లెక్క కడితే మొదటిది గంటకి 64 కిలోమీటర్లు, రెండోది 67. అంటే వేగంలో తేడా లేనట్టే, కానీ గుంజే బలం మాత్రం బాగా పెరిగింది. ట్రైనర్ నేల వదిలే దూరం కళ్లకి కనిపించేంత తగ్గింది. ఒక్క అంగుళమే కదా అని పెద్దది పెట్టేయకండి. ఆర్‌పీఎం, పిచ్ అంతే ఉంటే, మోటార్ మీద భారం సుమారుగా వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అందుకే ముందు వాట్ మీటర్.

నెర్రెలున్న శిఖంలో మాత్రం నేను 11 అంగుళాలదే వేస్తున్నాను. 12 కన్నా దాని బ్లేడు అర అంగుళం పొట్టి, ముందు చక్రం నెర్రెలో దిగితే ఆ అర అంగుళమే ప్రాప్‌ని కాపాడుతుంది. గట్టి నేల దొరికిన రోజు 12.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో ఏపీసీ స్లో ఫ్లయర్ 11×4.7 ఉంది కదా అని ఇలాంటి మోటార్‌కి పెట్టకండి. స్లో ఫ్లయర్‌కి కంపెనీ చెప్పిన పరిమితి 65,000ని అంగుళాలతో భాగిస్తే వచ్చేది, అంటే 11కి 5,909 ఆర్‌పీఎం. నా మోటార్ 7,000 దాటిస్తోంది. ఎలక్ట్రిక్ రకానికి అదే లెక్క 1,50,000, అంటే 13,636. ప్రాప్ పేరులో చివరి అక్షరాలు (ఎలక్ట్రిక్‌కి E, స్లో ఫ్లయర్‌కి SF) చూడకుండా కొనొద్దు. బ్లేడు మీద తెల్లటి గీత కనిపించినా, అంచు చిట్లినా అది పనికిరాదు. రాతలున్న వైపు విమానం వెళ్లే దిక్కుకి ఉండాలి. తిరిగే ప్రాప్‌కి సరిగ్గా పక్కన ఎవరినీ నిలబెట్టకండి, పిల్లల్ని అసలే వద్దు.

మరి ఈ స్పిన్నర్ నా డబ్బుతో కొంటానా? నట్ సరిపోతే కొంటాను, రెండోది కూడా కొంటాను. బరువు ఎక్కువే, ప్లాస్టిక్ కన్నా 25 గ్రాములు. ముక్కు బరువెక్కి బ్యాటరీని మూడు సెంటీమీటర్లు వెనక్కి జరపాల్సి వచ్చింది. చక్రాల్లేకుండా పొట్ట మీద దిగే ఫోమ్ విమానాలకి మాత్రం ఇది వేయను, మొదటి దెబ్బకే షాఫ్ట్ వంగుతుంది.

అన్నట్టు, తప్పు లేకుండా మాట పడ్డ ఆ పాత మోటార్‌ని మళ్లీ బిగించేశాను. బేరింగ్ మార్చలేదు, ఏమీ మార్చలేదు. కొత్త స్పిన్నర్, 12×6 ప్రాప్. తమ్ముడు తోక గట్టిగా పట్టుకున్నాడు. ఫుల్ థ్రాటిల్ ఇస్తున్నాను, కాసేపు మాట్లాడను, వినండి.